యోసేపు తండ్రి యాకోబా, హేలీయా?

బైబిల్లో యేసు వంశావళిని ఇద్దరు సువార్త రచయితలు రాశారు. మత్తయి అబ్రాహాముతో మొదలుపెట్టి, మరియ భర్త యోసేపు మీదుగా యేసు దాకా కిందికి దిగుతాడు. లూకా యేసు దగ్గర మొదలుపెట్టి ఆదాము దాకా ఎక్కుతాడు. దావీదు దగ్గర దారులు చీలతాయి: మత్తయిది సొలొమోను శాఖ, రాజుల వరుస, లూకాది నాతాను శాఖ. షయల్తీయేలు, జెరుబ్బాబెలు దగ్గర కలిసి మళ్ళీ విడిపోతాయి.

మత్తయి పట్టిక నన్ను ఎక్కువ ఆపుతుంది. తరాలను పద్నాలుగేసి చొప్పున మూడు భాగాలు చేశాడు; ఆ లెక్క కుదరడానికి అహజ్యా, యోవాషు, అమజ్యా అనే ముగ్గురు రాజులను వదిలేశాడు. దినవృత్తాంతముల మొదటి గ్రంథం మూడో అధ్యాయం పక్కన పెట్టుకుంటే ఆ ఖాళీ స్పష్టంగా కనిపిస్తుంది. హీబ్రూలో అక్షరాలకు అంకెల విలువ ఉంటుంది; దావీదు పేరులోని అక్షరాల విలువ కూడా 4+6+4, అంటే 14. అది యాదృచ్ఛికమని నేననుకోను. ఇక మగవాళ్ళ పేర్ల వరుసలో తామారు, రాహాబు, రూతు అనే స్త్రీల పేర్లు. బత్షెబ పేరు రాయకుండా ‘ఊరియా భార్య’ అనడం. ఇంకొకరి భార్యను తీసుకున్న దావీదు తప్పంతా ఆ ఒక్క మాటలో ఉంది.

అసలు చిక్కు యోసేపు తండ్రి విషయంలో. మత్తయి యాకోబు అంటాడు, లూకా హేలీ అంటాడు. లూకాది మరియ వంశమని చాలామంది చెబుతారు కానీ, అక్కడ రాసి ఉన్నది యోసేపు పేరే. మూడో శతాబ్దపు క్రైస్తవ రచయిత జూలియస్ ఆఫ్రికానస్ వివరణ నాకు ఇంకాస్త నచ్చుతుంది: యాకోబు, హేలీ ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలు, హేలీ సంతానం లేకుండా చనిపోతే యాకోబు అతని భార్యను చేసుకున్నాడు. మోషే ధర్మశాస్త్రం ప్రకారం అలా పుట్టిన బిడ్డ చనిపోయిన సోదరుడి పేరు నిలబెట్టాలి. అంటే యోసేపు పుట్టుకతో యాకోబు కొడుకు, ధర్మశాస్త్రం లెక్కలో హేలీ కొడుకు.