చిత్తూరులో పాత కాగితాల కొట్టు, కుక్కల బొమ్మలు సేకరించేవాళ్ల కోసం

చిత్తూరు గాంధీ రోడ్డు పక్క సందులో బోర్డు కూడా లేని పాత సామాన్ల కొట్టు ఒకటుంది. బయటికి ఇత్తడి చెంబులు, గోడ గడియారాలే కనిపిస్తాయి గానీ, లోపల బల్ల కింద మూడు రేకు డబ్బాల నిండా పాత పోస్టుకార్డులు, ఫోటోలు, అగ్గిపెట్టె లేబుళ్లు ఉన్నాయి. వాటిలో కుక్క బొమ్మ ఉన్న కాగితాల కోసమే రెండేళ్లుగా తిరుపతి నుంచి నెలకోసారి బస్సెక్కి వెళ్తున్నాను.

ఇక్కడ నాకు అన్నిటికన్నా నచ్చింది, కార్డు తిప్పి చూసుకోనిస్తారు. ఆన్‌లైన్‌లో చాలామంది ముందువైపు ఫోటో ఒక్కటే పెడతారు, వెనకవైపు కూడా పెట్టమంటే జవాబే ఉండదు. కార్డు వయసు తెలిసేది వెనకవైపే కదా! చిరునామా పక్కనే ఉత్తరం రాసుకోవడానికి ఇంగ్లండులో 1902లో, అమెరికాలో 1907లో ఒప్పుకున్నారు, అంతకుముందు ఆ వైపంతా చిరునామాకే. అందుకే మధ్యలో గీత ఉందా లేదా అని ముందు చూస్తాను. కొట్టు నడిపే పెద్దాయన స్టూలు వేసి "నిదానంగా చూసుకో నాయనా" అని తన పని తాను చేసుకుంటాడు. గంటన్నర కూర్చున్నా ఏమీ అనడు.

పోయిన నెల దొరికిందైతే చేతిలోంచి దించబుద్ధి కాలేదు. మెట్ల మీద ఓ చిన్నపిల్ల, ఒళ్లో చెవులు వాలిన కుక్కపిల్ల. భూతద్దం పెడితే అచ్చేసిన బొమ్మల్లో ఉండే చుక్కలు లేవు, అసలైన ఫోటో. వెనక స్టాంపు అంటించే చోట 'అజో' అనే కోడాక్ కాగితం గుర్తు, నాలుగు మూలలా త్రికోణాలు, నాలుగూ పైకే చూస్తున్నాయి, అంటే 1904 నుంచి 1918 లోపు కాగితం. రెండు పైకి, రెండు కిందికి ఉంటే ఆ తర్వాతిది. చిత్తూరులోనూ మదనపల్లెలోనూ ఆర్కాట్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ అమెరికన్లు ఉండేవాళ్లు, వాళ్ల బంగళా సామాన్లలోంచి వచ్చిందేమో అని నా ఊహ. 350 రూపాయలకిచ్చాడు.

గ్రామఫోన్ రికార్డుల కంపెనీ హెచ్.ఎం.వి. గుర్తులోని కుక్క నిప్పర్ ఉన్న రికార్డు కవర్లు కూడా అరవై, డెబ్బైకే దొరుకుతాయి. ఆ కుక్క 1895లోనే చనిపోయింది, చిత్రకారుడు ఫ్రాన్సిస్ బారో దాని బొమ్మ వేసింది ఆ తర్వాతే. కుక్క ముందు మొదట వేసిన యంత్రం ఎడిసన్ ఫోనోగ్రాఫ్, 1899లో దానిమీదే గ్రామఫోన్ దిద్దాడు. అదే కుక్క ఉన్న పాత ప్రకటన అని ఒకసారి 1500 చెప్తే యూవీ టార్చి వేశాను, కాగితం నీలంగా మెరిసింది. 1950ల నుంచి కాగితాల్లో తెల్లదనానికి కలుపుతున్న రసాయనం అలా మెరుస్తుంది. మెరవకపోతే పాతదే అని చెప్పలేం గానీ, ఇంతలా మెరిస్తే మాత్రం అంత పాతది కాదు. పెద్దాయన కాసేపు చూసి "నాకిచ్చినాయన పాతదనే చెప్పినాడే" అని తీసి కొత్త ప్రింట్లలో పెట్టేశాడు. ఆరోజు నుంచి ఆయన మాట మీద నాకు గురి.

బాధ కలిగించేది ఒకటుంది. ధర కార్డు వెనకే బాల్ పెన్నుతో రాస్తాడు, గట్టిగా నొక్కి. ఆ అచ్చు ముందువైపుకి కూడా తేలుతుంది, ఇక పోదు. పైగా మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో పెడతాడు, కొన్నేళ్లకి అవి జిగటగా మారి బొమ్మని పట్టుకుంటాయి. ఒక మంచి స్పానియల్ జాతి కుక్క కార్డు అలాగే పాడైంది, చూసి ప్రాణం ఉసూరుమంది. పోయినసారి పాలీప్రొపిలీన్ కవర్ల కట్ట, రెండు మెత్తటి పెన్సిళ్లు ఇచ్చి వచ్చాను. ఈసారి వెళ్లేసరికి ఒక డబ్బా పూర్తిగా మారింది, మిగతా రెండూ అలాగే ఉన్నాయి. మీరు వెళ్తే మీరూ చెప్పండి, వింటాడు.

పగటిపూట వెళ్లండి, లోపల లైటు చాలదు. కొన్నవాటిని ఇంట్లో పాతవాటితో కలిపే ముందు కాగితం తినే వెండిపురుగులు ఉన్నాయేమో చూసుకోండి. బేరం కొద్దిగా ఆడొచ్చు, నాలుగైదు కలిపి తీసుకుంటే ఆయనే తగ్గిస్తాడు. లేబుళ్ల డబ్బా నేను సగమే చూశాను. 1957లో స్పుత్నిక్-2లో అంతరిక్షానికి వెళ్లిన కుక్క లైకా బొమ్మ ఉన్న లేబుల్ ఒక్కటైనా ఉంటుందేమోనని వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాను.