కూకట్‌పల్లి నుంచి పుణెకు, కారు నిండా కుండీలతో

"మొక్కలు కూడా మేమే చేరుస్తాం మేడమ్, టెన్షన్ పడకండి" అన్నాడు ప్యాకర్స్ మనిషి. ఆ మాట నమ్మి పదకొండేళ్ల మల్లె తీగను పోగొట్టుకున్నాను. పుణె వచ్చి నెల దాటినా కోపం తగ్గలేదు.

మా ఆయనకు బదిలీ అయింది. మే రెండో వారంలో ఇల్లు ఖాళీ చేశాం. బాల్కనీలో 25 కుండీలున్నాయి. సామానుకు 24,500, మొక్కలకు విడిగా 1,800 అని మాట్లాడుకున్నాం. రెండు రోజుల్లో వస్తాయని, గాలి ఆడేలా పెడతామని చెప్పారు. తీరా లోడింగ్ రోజు వేరే కుర్రాళ్లు వచ్చి 16 కుండీలను అట్టపెట్టెల్లో కుక్కి టేపు వేసేశారు. చిల్లులు పెట్టమంటే "మట్టి కారి సోఫా పాడైపోతుంది" అన్నారు. మల్లె పందిరితో సహా పెద్దది, కారులో పట్టదు. అందుకే దాన్నీ లారీకే ఇచ్చాను.

ఆ లారీ ఐదో రోజున వచ్చింది. పెట్టె టేపు కోయగానే కుళ్లిన వాసన గుప్పుమంది. మల్లె ఆకులు నల్లబడి అట్టకు అతుక్కుపోయాయి. బయల్దేరే ముందు విచ్చబోతున్న మొగ్గలు ముట్టుకుంటే చాలు, మెత్తటి ముద్దలై వేలికి అంటుకున్నాయి. దారిలో ఎండిపోతాయేమోనన్న భయంతో ఆ ఉదయమే లారీ కుండీలకు నిండా నీళ్లు పోశాను. అది నా తప్పు. మే ఎండలో మూసిన పెట్టెలో తడి మట్టి ఉంటే వేళ్లు కుళ్లిపోతాయి. మందారాలు మూడూ, చామంతులూ పోయాయి. 16లో 6 బతికాయి. అవి స్నేక్ ప్లాంట్లు, కలబంద, జేడ్ లాంటివే, ఆకుల్లో నీళ్లు దాచుకునే రకాలు. ఫోన్ చేస్తే ఇన్సూరెన్స్ మొక్కలకు వర్తించదన్నారు. కనీసం ఆ 1,800 వెనక్కి ఇవ్వమన్నాను. అప్పటి నుంచి ఫోన్ ఎత్తడం లేదు.

కారులో తెచ్చిన తొమ్మిదీ బతికాయి. అత్తమ్మ తులసి, కరివేపాకు, తమలపాకు తీగ, మనీప్లాంట్లు. వీటిని నెల ముందే మట్టి కుండీల్లోంచి తేలికపాటి ప్లాస్టిక్ కుండీల్లోకి మార్చాను. కరివేపాకు కొమ్మలు సగానికి కత్తిరించాను. రెండు రోజుల ముందే నీళ్లు ఆపి, మట్టి మీద పాత పేపరు పరిచి పురికొసతో కట్టాను. కిరాణా కొట్టులో అడిగి తెచ్చిన నూనె ప్యాకెట్ల పెట్టెల్లో రెండేసి కుండీలు ఒదిగి కూర్చున్నాయి. దారి పొడవునా కారంతా కరివేపాకు వాసనే. మా పాప మాత్రం కాళ్లు చాపుకునే చోటు లేక జహీరాబాద్ దాటేదాకా మాతో మాట్లాడలేదు.

పుణె దాదాపు 560 కిలోమీటర్లు. పాపకు కారు ప్రయాణం పడదు కాబట్టి షోలాపూర్‌లో ఆగాం. అప్పటికి మిట్టమధ్యాహ్నం. బయట 42 డిగ్రీలు. బైపాస్ పక్క పెద్ద హోటల్‌లో గది 2,600. మొక్కలు పైకి తేకూడదు, కారులోనే ఉంచుకోండి అన్నారు. ఆ ఎండలో అద్దాలు మూసిన కారులో గంట ఉంచినా ఆకులు ఉడికిపోతాయి. పోనీ వరండాలో పెట్టుకుంటామంటే రిసెప్షన్‌లో అమ్మాయి తలెత్తి కూడా చూడలేదు. "తొమ్మిది మొక్కల కోసం ఎండలో ఊరంతా తిప్పుతావా?" అని మా ఆయన విసుక్కున్నారు. తిప్పాను.

బస్టాండు దగ్గర చిన్న లాడ్జి దొరికింది, గది 1,100. మేం తెలుగులో వాదులాడుకోవడం విని, గల్లా దగ్గర కూర్చున్న పెద్దావిడ "ఏం బిడ్డా, చెట్లు తీసుకపోతున్నరా?" అంది. ప్రాణం లేచొచ్చింది. మగ్గం పని కోసం తరాల కిందట మనవైపు నుంచి వెళ్లిన పద్మశాలీలు షోలాపూర్‌లో చాలామంది. ఈవిడా వాళ్లలోనే. కుండీలన్నీ లోపలి వాకిట్లో నీడకు పెట్టించింది. సాయంత్రం గ్లాసుతో తనే నీళ్లు పోసింది, మొక్క మొదట్లో కాకుండా కుండీ అంచు చుట్టూ, కొద్దికొద్దిగా. రాత్రి కడక్ భాకరీ అనే కరకరలాడే రొట్టె, వేరుశనగ చట్నీ, గట్టి పెరుగు పెట్టి, డబ్బులిస్తే తీసుకోలేదు. అలిగిన పాప మూడు రొట్టెలు తింది! తమలపాకు తీగలో రెండు కణుపులు కత్తిరించి, నీళ్ల సీసాలో వేసి ఆవిడకు ఇచ్చాను.

మర్నాడు తెల్లవారుజామున బయల్దేరి, ఎండ ముదరకముందే పుణెలోని హడప్సర్ చేరాం. డీజిల్‌కు మొత్తం 3,200 అయింది.

వచ్చాక కంగారుపడి ఎరువులు వేయకండి. కుండీ మార్చకండి. వారం పది రోజులు నీడలో ఉంచితే చాలు. మా కరివేపాకు నాలుగో రోజుకే ఆకులన్నీ రాల్చేసింది. గోటితో బెరడు కాస్త గీకి చూస్తే లోపల పచ్చగా ఉంది. సరిగ్గా మూడు వారాలకు ఎర్రటి చిగురు వేసింది.

మల్లెకు మాత్రం ఇంకో దారి ఉంది. రెండేళ్ల కిందట దాని కొమ్మను అంటు తొక్కి కూకట్‌పల్లిలో ఎదురింటి అక్కకు ఇచ్చాను. నిన్న ఫోన్ చేస్తే, ఇప్పుడు గోడ దాటి పాకిందని, నాకోసం ఒక కొమ్మ మట్టిలో తొక్కి ఉంచుతానని చెప్పింది. దసరాకు వెళ్లి, వచ్చేటప్పుడు ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంటాను. షోలాపూర్ లాడ్జి పెద్దావిడకు గది కావాలని ఇప్పుడే చెప్పి ఉంచాం.