40 శాతం తగ్గింపు అనుకున్న డబ్బా

ఫిబ్రవరిలో అమ్మ కంటి పరీక్ష కోసం కాకినాడ నుంచి హైదరాబాద్ వెళ్ళాం. గురువారం మధ్యాహ్నానికే పరీక్ష అయిపోయింది. రిపోర్టు మాత్రం శనివారం సాయంత్రం ఇస్తామన్నారు. గోల్కొండ చూపిస్తానంటే "ఆ మెట్లు నువ్వెక్కవే, నేను కింద కూర్చుంటా" అంది అమ్మ. ఆవిడకి 71 ఏళ్ళు. మోకాళ్ళు మొరాయిస్తాయి కానీ నాలుక ఇంకా చురుకే. అందుకని మెట్లు లేని ప్రోగ్రాం ఒకటి వేశాను. మా ఆఫీసులో ఒకాయన ఉస్మానియాలో చదివే రోజుల్లో ఇరాన్ కుర్రాళ్ళు పెట్టిన సోహన్ అనే మిఠాయి గురించి కనీసం పదిసార్లు చెప్పి ఉంటారు. ఆ సోహన్ ఏమిటో చూసే వెళ్దామనుకున్నాం.

ముందు బస సంగతి. మొదటి రాత్రి నాంపల్లిలో ఒక లాడ్జి, 1,500 రూపాయలు. గది శుభ్రంగానే ఉంది కానీ రెండో అంతస్తు, లిఫ్టు లేదు. వేడినీళ్ళు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకానే. ఫోన్‌లో అడిగినప్పుడు "లిఫ్ట్ ఉంది మేడమ్" అన్నాయనే, ఎదురుగా నిలబెట్టి అడిగితే "రిపేర్‌లో ఉంది" అన్నాడు. మర్నాడే లక్డీకాపూల్ వైపు మారిపోయాం. 2,400 అయింది. అయినా లిఫ్టు, నిశ్శబ్దం, మెట్రో దగ్గర, గదిలో నీళ్ళు కాచుకునే కెటిల్. ఈ కెటిల్ మాకు తర్వాత ఎంత పనికొచ్చిందో చెప్తాను. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఆ 900 దగ్గర ఆలోచించకండి.

గురువారం సాయంత్రం బంజారాహిల్స్‌లో ఒక పెద్ద సూపర్ మార్కెట్‌కి వెళ్ళాం. విదేశీ సరుకుల అలమరలో ఇరాన్‌వేవీ లేవు కానీ టర్కీ లోకుమ్ కనబడింది. పంచదార పాకంలో గంజిపిండి వేసి ఉడికించి, ముక్కలు కోసి పైన పొడి చల్లుతారు. ఇస్తాంబుల్‌లో 1777లో మొదలైన హాజీ బెకిర్ దుకాణం ఇప్పటికీ దీన్ని అమ్ముతోంది. 'రాహతుల్ హుల్కూమ్' అనే అరబీ మాట అరిగిపోయి లోకుమ్ అయింది. గొంతుకి హాయి అని అర్థమట. మేం కొన్న డబ్బా 650 రూపాయలు. దానిలో ఏ హాయీ లేదు. ముక్కలు ఎండిపోయి రబ్బరులా సాగాయి. డబ్బా తిప్పి చూస్తే గడువు ఇంకో మూడు వారాలే ఉంది. "గులాబీ సబ్బు వాసన" అని అమ్మ ఒక్క మాటలో తేల్చేసింది. తప్పు లోకుమ్‌ది కాదు, అలమరలో పడి ఉన్న నెలలది. దిగుమతి మిఠాయి కొనేటప్పుడు ధర కన్నా ముందు తేదీ చూడండి.

శుక్రవారం పొద్దున సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళి, మూసిన గేటు చూసి తిరిగొచ్చాం. శుక్రవారం సెలవని తెలుసుకోకపోవడం నా బుద్ధితక్కువతనం. ఆటోకి పోసిన డబ్బులు దండగ. అక్కణ్ణుంచి కోపంగా టోలీచౌకీ.

ఇక్కడ తీరిగ్గా చెప్పాలి. టోలీచౌకీలో 'మంది' అనే అరబ్బు మాంసం-అన్నం పెట్టే హోటళ్ళ మధ్య ఖర్జూరాలు, అత్తర్లు, గల్ఫ్ సరుకులు అమ్మే దుకాణాలు ఉన్నాయి. మూడింట్లో అడిగితే మూడోదాన్లో సోహన్, గజ్, పష్మక్, నబాత్ అనే ఇరాన్ తీపి సరుకులన్నీ దొరికాయి. ఒక డబ్బా మీద పారసీ అంకెల్లో ఏదో రాసి పక్కన శాతం గుర్తు ఉంది. "ఎంత అది?" అని అడిగితే "నలభై" అన్నాడు దుకాణం అబ్బాయి. నేను సంబరంగా, 40 శాతం పోను ఎంతవుతుందో లెక్కేయడం మొదలుపెట్టాను. ఆ అబ్బాయి నవ్వాపుకుంటూ "అక్కా, అది డిస్కౌంట్ కాదు. అందులో పిస్తా అంత ఉందని" అన్నాడు. గజ్ డబ్బాల మీద పప్పుల శాతం అలా వేస్తారట. అంకె పెరిగేకొద్దీ ధర కూడా పెరుగుతుంది. అంటే నేను తగ్గిందనుకున్న చోటే ఎక్కువ పెట్టాలన్నమాట.

గజ్ ఇస్ఫహాన్ మిఠాయి. గుడ్డు తెల్లసొన, పంచదార పాకం, పన్నీరు (గులాబీ నీళ్ళు), పిస్తా కలిపి గిలక్కొడితే తెల్లగా, మెత్తగా, కాస్త సాగుతూ ఉంటుంది. పూర్వం ఇందులో గజంగబీన్ వేసేవారు. అది కొండ పొదల మీద చిన్న పురుగులు వదిలే తియ్యటి జిగురు. పేరు కూడా అక్కణ్ణించే. ఇది అమ్మకి తిన్నాక గాని చెప్పలేదు. ముక్కలు ఒకదానికొకటి అంటుకోకుండా పిండిలో పాతిపెట్టి ఉంచే రకం ఒకటుంది, మేం అదే కొన్నాం. పిండి దులిపి కొరికితే మొదట నోట్లో పిండే, ఆ తర్వాత పిస్తా, చివర్లో పన్నీరు.

పష్మ్ అంటే ఉన్ని, పష్మక్ అంటే ఉన్నిలాంటిది. యజ్ద్ ఊరు దీనికి పేరు. అమ్మ ఒక పోగు లాగి వెలుతురుకు పెట్టి చూసి, "ఇది మన జీళ్ళ పనేనే" అంది. నిజమే. జగ్గన్నతోట ప్రభల తీర్థంలో బెల్లం పాకాన్ని మేకుకి తగిలించి లాగి, మడిచి, మళ్ళీ లాగుతుంటే గోధుమరంగు కాస్తా బంగారు రంగులోకి తిరగడం చిన్నప్పుడు చూసేదట. పాకంలోకి గాలి చేరడం వల్ల ఆ రంగు వస్తుంది. పష్మక్‌కి పంచదార పాకాన్ని అలాగే లాగి, వేయించిన గోధుమపిండిలో చుట్టలా తిప్పుతూ మడుస్తారు. మడత పడ్డప్పుడల్లా పోగులు రెట్టింపు. పదిసార్లకి 1,024, పద్నాలుగుసార్లకి 16,384. మనవాళ్ళు మధ్యలోనే ఆపి కోసి నువ్వులద్దారు, వాళ్ళు ఆపకుండా ఉన్ని దాకా పోయారు. సోన్ పాపిడి కన్నా ఇది తేలిక, నెయ్యి వాసన తక్కువ. నా ఓటు పష్మక్‌కే.

సోహన్ కోసమే కదా ఇంత దూరం వచ్చింది. ఖుమ్ నగరంలో చేసే ఈ మిఠాయి గుండ్రటి రేకు డబ్బాలో వస్తుంది. మొలకెత్తిన గోధుమల పిండి, గుడ్డు పచ్చసొన, వెన్న, కుంకుమపువ్వు, యాలకులు, పైన పిస్తా. చూడ్డానికి వేరుశనగ చిక్కీకి డబ్బున్న చుట్టంలా ఉంటుంది. మొలకల వల్ల రాగి మాల్ట్ లాంటి కమ్మదనం వెనకాల్నించి వస్తుంది. కానీ గట్టిది. అమ్మ కట్టుడు పళ్ళకి ఒక ముక్క అతుక్కుపోయి, దుకాణంలోనే అటు తిరిగి తంటాలు పడింది. ఆ అబ్బాయి మాట్లాడకుండా నీళ్ళ గ్లాసు ఇచ్చి, ఇంకో గిరాకీ వైపు తిరిగిపోయాడు. నేను ఆ దుకాణానికి నూటికి నూరు వేసింది ఆ మర్యాదకే. నాలుగూ కలిపి 1,850 అయ్యాయి.

సాయంత్రం గదిలో కెటిల్ పెట్టాం. ఇరానీ చాయ్ అంటే మనకి చిక్కటి పాలు, ఉస్మానియా బిస్కట్. ఇరాన్‌లో మాత్రం పాలు పొయ్యరు, ఎర్రటి డికాక్షన్ తాగుతారు. చక్కెర బిళ్ళ పళ్ళ మధ్య పెట్టుకుని చప్పరిస్తారు, లేదా నబాత్ ముక్క వేస్తారు. నబాత్ అంటే పటికబెల్లమే, కుంకుమపువ్వు వేసింది. డికాక్షన్‌లో అది మెల్లగా కరుగుతుంటే గది అంతా వాసన. సోహన్ ముక్కని ఆ వేడి టీతో నోట్లో నానబెడితే అమ్మ పళ్ళకీ లొంగింది. చార్మినార్ పక్కన చాయ్ కొట్లో కూడా కూర్చున్నాం గానీ ఆ చిక్కటి తీపి మీద ఇంకో తీపి నిలవలేదు.

శనివారం మెట్రోలో గాంధీభవన్ దాకా వెళ్ళాం. లిఫ్టులు పనిచేస్తున్నాయి, అమ్మ ఖుషీ. అక్కణ్ణుంచి మోజంజాహీ మార్కెట్ నడిచే దూరమే అయినా ఆటో ఎక్కించాను. హమీదీలో జౌజీ హల్వా తీసుకున్నాం. జౌజ్ అంటే జాజికాయ. టర్కీ నుంచి వచ్చిన కుటుంబం ఈ దుకాణం పెట్టిందని ఊళ్ళో చెప్పుకుంటారు. గోధుమపాలు, నెయ్యి, జాజికాయ. ముదురు రంగు, వేడి, బరువు. రెండు చెంచాలకి మించి తినలేం. అందులో గుడ్డు లేదని అడిగి మరీ తింది అమ్మ. శనివారం ఆవిడ గుడ్డు ముట్టదు. ఈ నియమం ఉన్నవాళ్ళు గజ్, సోహన్ పక్కన పెట్టాల్సిందే. పష్మక్, నబాత్, లోకుమ్ మామూలుగా ఫర్వాలేదు, అయినా అట్ట మీద దిగుమతిదారు అంటించిన ఇంగ్లీషు చీటీ ఒకసారి చూసుకోండి.

రిపోర్టు బాగానే వచ్చింది. రాత్రి గౌతమి ఎక్కాం. ఆ పూటంతా గజ్ డబ్బా అమ్మ సంచిలోనే ఉన్నా, కనీసం మూత కూడా తియ్యలేదు. విజయవాడ దాటాక నాకు మెలకువ వచ్చింది. కింది బెర్తులో ఏదో అట్టపెట్టె చప్పుడు. వంగి చూస్తే అమ్మ చీకట్లో కూర్చుని ఉంది, గడ్డం మీద తెల్లటి పిండి.

"పన్నెండు ఎప్పుడో దాటిందే" అంది, నేను అడక్కముందే.