పోలార్ హెచ్10 ఛాతీ పట్టీ: బాగా పరిగెత్తే పిల్లల కోచ్‌కి ఎంతవరకు పనికొస్తుంది?

పుట్టుకతోనే వేగం ఉన్న పిల్లలతో ఒక చిక్కుంది. అలసిపోయినా గెలుస్తూనే ఉంటారు. టైమింగ్ పడిపోదు కాబట్టి కోచ్ ఇంకో రెండు రౌండ్లు వేయిస్తాడు, పిల్లాడు వద్దనడు. ఛాతీకి కట్టుకుంటే గుండె వేగం కొలిచే పోలార్ హెచ్10 పట్టీ కొనాల్సింది ఈ చిక్కు కోసమే. అదే టైమింగ్ తేవడానికి ఇవాళ ఒళ్లు ఎంత కష్టపడిందో ఇది చూపిస్తుంది.

కొలత నిక్కచ్చిగా ఉంటుంది. చేతి వాచీలు వెలుతురుతో నాడిని పడతాయి. చిన్న స్ప్రింట్లలో, బ్యాడ్మింటన్ ర్యాలీల్లో మణికట్టు కదలికకి తడబడతాయి. ఈ పట్టీ గుండె విద్యుత్ సంకేతాన్నే తీసుకుంటుంది.

సైజు చూసుకుని కొనండి. పెద్దది 65 నుంచి 93 సెం.మీ. ఛాతీకి, చిన్నది 51 నుంచి 65కి. సన్నటి పిల్లలకి పెద్దది వేస్తే రెండో రౌండుకే నడుం మీదికి జారి, అంకెలు తప్పుగా రావొచ్చు. వేసుకునే ముందు లోపలి ఎలక్ట్రోడ్లు (ఒంటికి ఆనుకుని గుండె సంకేతాన్ని పట్టే భాగాలు) నీళ్లతో తడపాలి. పొడిగా వేస్తే చెమట పట్టేదాకా వచ్చే అంకెలు నమ్మలేం. ప్రాక్టీస్ అయ్యాక సెన్సర్ ఊడదీసి పట్టీని కడగండి. తడి పట్టీకి తగిలించి ఉంచితే సెన్సర్‌లోని సీఆర్2025 బటన్ బ్యాటరీ ఊరికే అరిగిపోతుంది. సెన్సర్ ఒకటే అందరికీ మార్చుకోవచ్చు గానీ పట్టీ మాత్రం ఎవరిది వారికే ఉండాలి.

సెన్సర్‌లోనే ఒక సెషన్ (ఒకసారి ప్రాక్టీస్ లెక్క) నిల్వ ఉంటుంది. పోలార్ బీట్ యాప్‌లో మొదలుపెట్టి ఫోన్ బ్యాగులో పెట్టేయొచ్చు. నిల్వ ఒక్క సెషన్‌కే కాబట్టి ఇంకో పిల్లాడికి తగిలించే ముందు దాన్ని ఫోన్‌లోకి దించుకోవాలి.

వాడాల్సిన పద్ధతి ఇదీ. ప్రతి సోమవారం, వార్మప్‌లో భాగంగా, ఒకే వేగంతో ఐదు నిమిషాల తేలిక పరుగు. చివరి అర నిమిషం గుండె వేగం రాసుకోండి. మూడు నాలుగు వారాలకి ఆ పిల్లాడి మామూలు అంకె తెలుస్తుంది. ఐదారు బీట్ల తేడా పట్టించుకోనక్కర్లేదు. పది దాటి పెరిగితే నిద్ర, జ్వరం, ముందురోజు ప్రాక్టీస్ గురించి అడగండి. మే నెల ఎండలో అంకె ఎలాగూ పెరుగుతుంది, అందుకే వేళ మార్చకూడదు. చాలామంది పొరబడేది తగ్గినప్పుడు. భారీ వారాల తర్వాత కాళ్లు బరువుగా ఉన్నా గుండె వేగం పెరగకపోవచ్చు. అంకె తక్కువ, పిల్లాడి నోట “కష్టంగా ఉంది సార్” అనే మాట, రెండూ కలిస్తే అది ఫిట్‌నెస్ కాదు, అలసట. ఆ వారం రౌండ్లు సగానికి తగ్గించండి.

గుండె వేగాన్ని తేలిక, మధ్యస్థం, తీవ్రం అని విడగొట్టి యాప్ చూపే రంగుల జోన్లని పిల్లల విషయంలో నమ్మొద్దు. 220లోంచి వయసు తీసేసి గరిష్ఠ గుండె వేగం లెక్కగట్టే సూత్రం పిల్లలకి కుదరదు. పదేళ్లకైనా పదిహేనేళ్లకైనా గరిష్ఠం 200 దగ్గరే ఉంటుంది.

ఇక ఈ పట్టీకి అస్సలు కనపడనిది మోకాలు, మడమ, భుజం మీద పడే భారం. నూటికి పైగా జంప్ స్మాష్‌లు కొట్టినా, పది ఓవర్లు ఫాస్ట్ బౌలింగ్ వేసినా గుండె లెక్కలో అది మామూలు రోజే. ఎముకలు వేగంగా సాగే వయసులో (అమ్మాయిలకి దాదాపు 12, అబ్బాయిలకి 14) దెబ్బ తగిలేది అక్కడే. నెలనెలా ఎత్తు కొలవండి. ఎత్తు జోరుగా పెరుగుతున్న నెలల్లో మోకాలి చిప్ప కింద గానీ మడమ వెనక గానీ నొప్పి అంటే ముందు జంపులు ఆపించి డాక్టర్‌కి చూపించండి.

అందుకే పక్కన ఒక నోటుబుక్కు తప్పదు. ప్రాక్టీస్ అయిన అరగంటకి “పదికి ఎంత కష్టం?” అని అడిగి, ఆ అంకెని నిమిషాలతో గుణించండి. 60 నిమిషాలు, కష్టం 5 అయితే 300. స్కూల్ పీఈటీ పీరియడ్, సందులో క్రికెట్ కూడా కలపాలి. వారంలో వచ్చిన అంకెల కూడిక ఒక్కసారిగా ఎగబాకితే తర్వాతి వారం దించండి. వారానికి ఒకటి రెండు రోజులు పూర్తి సెలవు ఇమ్మని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా చెబుతోంది. వారంలో ప్రాక్టీస్ గంటలు పిల్లాడి వయసు అంకెని దాటకపోవడం మంచిది.

ఒక్క పిల్లాడి కోసం అమ్మానాన్నలు ఇది కొనక్కర్లేదు. పొద్దున లేవగానే మణికట్టు పట్టుకుని నిమిషం నాడి లెక్కపెట్టి నోటుబుక్కులో రాస్తే చాలు. పదిమందిని జిల్లా, రాష్ట్ర పోటీలకి తయారు చేసే కోచ్ మాత్రం ఒక సెన్సర్, తలా ఒక పట్టీ తీసుకోండి.