సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నాలుగు రోజులు: రాజభవనాల కంటే ముందు కోట చూడండి

ఈ నగరానికి వచ్చేవారు సాధారణంగా రాజభవనంలోని మ్యూజియమైన హెర్మిటేజ్‌కు రెండు రోజులు కేటాయించి, పీటర్ పాల్ కోటను గంటలో ముగిస్తారు. జూన్‌లో నాలుగు రోజులు తిరిగిన తర్వాత, కోటకు ఒక పూట పూర్తిగా ఇవ్వాలని నేను గట్టిగా చెబుతాను.

1703లో రష్యా చక్రవర్తి మొదటి పీటర్ నేవా నదిలోని చిన్న దీవిపై కట్టించడం మొదలుపెట్టిన ఈ కోటతోనే నగరం పుట్టింది. లోపలి చర్చిలో పీటర్ సమాధి ఉంది. 1918లో కుటుంబంతో సహా కాల్చి చంపిన చివరి చక్రవర్తి రెండవ నికోలస్ అవశేషాలను 1998లో ఖననం చేసిందీ అక్కడే. కొద్ది నిమిషాలు నడిస్తే ట్రుబెట్స్‌కోయ్ బురుజు జైలు వస్తుంది. చక్రవర్తి మూడవ అలెగ్జాండర్‌ను చంపడానికి 1887లో కుట్ర పన్నిన లెనిన్ అన్నను ఇక్కడే బంధించారు. టికెట్ తీసుకునేటప్పుడు జైలు ప్రవేశం కూడా అందులో ఉందో లేదో తప్పక అడగండి.

తర్వాత నది దాటి సెనేట్ చౌకుకు వెళ్లాలి. నెపోలియన్‌ను తరుముతూ పారిస్ దాకా వెళ్లి, రాజ్యాంగం అనే ఆలోచనతో తిరిగివచ్చిన సైనికాధికారులలో కొందరు 1825 డిసెంబరులో ఇక్కడే చక్రవర్తిపై తిరుగుబాటు చేశారు. గడ్డాలపై పన్ను వేసి మరీ ప్రభువర్గాన్ని ఐరోపా దారి పట్టించిన పీటర్ కంచు విగ్రహం ఎదుటే వారిపై ఫిరంగులు పేలాయి. ఆ చౌకులో నిలబడినప్పుడు, వేషంతో పాటు భావాలు కూడా ఐరోపా నుంచి వచ్చాయన్న సంగతి నాకు స్పష్టమైంది.

బస నగర ప్రధాన వీధి నెవ్‌స్కీ వెనుక, పాత భవనంలోని చిన్న హోటల్లో. గది శుభ్రంగానే ఉంది, కానీ లిఫ్టు లేదు. తెల్లటి జూన్ రాత్రులలో పలచని తెరలు నిద్ర పట్టనివ్వలేదు. అయినా నదికి దక్షిణాన ఉండటమే మేలు, ఎందుకంటే వేసవిలో రాత్రివేళ ఓడల కోసం వంతెనలను పైకి ఎత్తేస్తారు, అవతల బస ఉంటే నది దాటలేక చిక్కుకుపోతారు. మన దేశపు వీసా, మాస్టర్‌కార్డు బ్యాంకు కార్డులు 2022 నుంచి అక్కడ పనిచేయడం లేదు కనుక నగదు తీసుకువెళ్లాలి. ఒక పూటకు మాట్లాడుకున్న గైడు రాజకుటుంబాల నగలు, ప్రేమకథలు దాటి ముందుకు రాకపోవడం నన్ను బాధపెట్టింది.

చివరి రోజును 1881లో రెండవ అలెగ్జాండర్‌పై బాంబు విసిరిన చోట వెలిసిన చర్చికి ఉంచుకున్నాను. 1861లో అర్ధబానిసలైన రైతులకు విముక్తి ప్రకటించిన చక్రవర్తి ఆయన. ఐరోపా పద్ధతి భవనాల నడుమ ఆయన కొడుకు మూడవ అలెగ్జాండర్ కోరి పాత రష్యా తీరు గుమ్మటాలు కట్టించడం, ఆ కొడుకు పాలన ఐరోపా దారి నుంచి ఎటు మళ్లిందో చెబుతుంది. లోపల, రక్తం చిందిన వీధి రాళ్లను తొలగించకుండా మండపం కింద అలాగే ఉంచారు. వాటి ముందు నిలబడటానికైనా తీరిగ్గా వెళ్లండి. బుధవారం మాత్రం వద్దు, ఆ రోజు సెలవు.