ఓపెన్‌లాగ్, నియో-6ఎమ్ జీపీఎస్ జోడీ: చాలాకాలం వాడాక తేలిన లెక్క

జీపీఎస్ రిసీవర్ పంపే డేటాను కంప్యూటరు అవసరం లేకుండా మెమరీ కార్డులో దింపుకోవడానికి ఓపెన్‌లాగ్ అనే చిన్న లాగర్ బోర్డు చవకైన దారి. ఒక ఏటీమెగా 328 చిప్పు, మైక్రో ఎస్‌డీ కార్డు పెట్టుకునే చోటు, రెండు ఎల్ఈడీలు. అంతకంటే ఏమీ లేదు. యూబ్లాక్స్ నియో-6ఎమ్ మాడ్యూల్‌తో జతచేసి వాడినంతలో నా తీర్పు ఇది: 9600 బాడ్ (సీరియల్ తీగలో డేటా నడిచే వేగం) దగ్గర, సెకనుకు ఒక రీడింగు అయితే నిశ్చింతగా నమ్మొచ్చు. అంతకు మించి కావాలంటే ముందు కాగితం మీద లెక్క వేసుకోవాలి.

కలపాల్సినవి మూడే తీగలు: పవర్, గ్రౌండు, రిసీవర్ టీఎక్స్ (డేటా పంపే కాలు) నుంచి లాగర్ ఆర్‌ఎక్స్‌కి (అందుకునే కాలు) ఒకటి. లాగర్ టీఎక్స్‌ని రిసీవర్‌కి తగిలించకండి, దానితో పనేమీ లేదు. దాన్ని యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్‌కి కలిపి చూస్తే మాత్రం సగం రోగాలు అక్కడే తెలిసిపోతాయి. పవర్ ఇవ్వగానే లాగర్ 12< అని పంపుతుంది. 1 అంటే సీరియల్ పనిచేస్తోంది, 2 అంటే కార్డు తెరుచుకుంది, చివర్లో < గుర్తు పడ్డాకే రాయడం మొదలవుతుంది. 1 దగ్గరే ఆగిపోయి, ఒక ఎల్ఈడీ మూడేసి సార్లు వెలిగి ఆరుతుంటే తప్పు కార్డుది. 32 జీబీ లోపు కార్డు తీసుకుని ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి. 64 జీబీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి, అది దీనికి అర్థం కాదు.

ఎక్కువమందిని తికమకపెట్టేది ఇంకొకటి. పవర్ వచ్చాక రెండు సెకన్లపాటు ఆర్‌ఎక్స్ కాలు సున్నా వోల్టుల దగ్గరే ఉంటే, సెట్టింగులు చెరిపేయమని మనం అడిగినట్టు లాగర్ అనుకుంటుంది. మళ్లీ 9600కి వెళ్లిపోయి, రెండు ఎల్ఈడీలూ ఆడిస్తూ కూర్చుంటుంది, ఒక్క అక్షరం రాయదు. రిసీవర్‌కి వేరే స్విచ్ పెట్టి, లాగర్‌ని ముందు ఆన్ చేస్తే జరిగేది ఇదే: పవర్ లేని రిసీవర్ టీఎక్స్ ఆ తీగని కిందికి లాగేస్తుంది. మందు కార్డులోని కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైలులోనే ఉంది. 9600,26,3,0,1,1,0 అనే వరుసలో ఏడో అంకెను 1 చేస్తే ఆ పరీక్ష మానేస్తుంది.

గార్మిన్ జీపీఎస్ 18ఎక్స్ ఎల్‌వీసీ లాంటి రిసీవర్ల సంగతి ఇంకొంచెం వేరు. వోల్టేజి 0 నుంచి 5 దాకానే అయినా ధ్రువత (ఏ వోల్టేజి 1, ఏది 0 అనే వరస) ఆర్‌ఎస్-232 అనే పాత సీరియల్ పద్ధతిది, అంటే తలకిందులు. ఊరికే ఉన్నప్పుడు తీగ సున్నా దగ్గరే ఉంటుంది. ఏడో అంకె మార్చినా ఫైలు నిండా చెత్తే పడుతుంది. మధ్యలో 3.3 వోల్టుల మీద ఒక మ్యాక్స్3232 (ధ్రువత తిప్పే చిప్పు) పెట్టి, లాగర్‌ని 4800కి దించాలి, ఎందుకంటే ఆ రిసీవర్ మామూలుగా మాట్లాడే వేగం అదే. చెత్త వేగం వల్లా, ధ్రువత వల్లా అని అనుమానం వస్తే వేగాలు మార్చి చూడండి. ఏ వేగం దగ్గరా చదవగలిగే మాట రాకపోతే ధ్రువతే.

ఇక అసలు లెక్క. 9600 బాడ్ అంటే సెకనుకు 960 బైట్లు. ఆకాశం బాగా కనబడే చోట నియో-6ఎమ్ తన మామూలు వాక్యాలన్నీ (డేటా లైన్లు) కలిపి సెకనుకు 500 నుంచి 600 బైట్ల దాకా పంపుతుంది. ఇక్కడిదాకా హాయే. దాన్ని 5 హెర్ట్జ్‌కి (సెకనుకు ఐదు సార్లు) పెంచితే మూడు వేలకు దగ్గరవుతుంది, ఆ తీగలో పట్టదు. అందరూ చేసేది బాడ్ రేటును 38400కి పెంచడం. నేను వద్దంటాను. చాలా మాడ్యూళ్లలో సెట్టింగులు నిలబడేది చిన్న బ్యాటరీ దయవల్లే. అది అయిపోయిన రోజున రిసీవర్ తిరిగి 9600కి వస్తుంది, లాగర్ 38400 దగ్గరే వింటూ ఉంటుంది, ఆ రోజు ప్రయాణమంతా వృథా. దానికి బదులు యూ-సెంటర్‌లో (యూబ్లాక్స్ వాళ్ల సెట్టింగుల ప్రోగ్రాము) జీఎస్‌వీ, జీఎస్‌ఏ, జీఎల్‌ఎల్, వీటీజీ వాక్యాలు ఆపేసి, స్థానం, సమయం ఇచ్చే ఆర్‌ఎంసీ, జీజీఏ మాత్రం ఉంచండి. రెండూ కలిపి 145 బైట్లు, ఐదు రెట్లు చేస్తే 725. 9600లోనే సరిపోతుంది. బ్యాటరీ చచ్చినా దొరికేది సెకనుకు ఒక్క రీడింగే, కానీ చదవడానికి వస్తుంది.

వేగం పెంచితే ఇంకో గండం కార్డు. ఎస్‌డీ కార్డు అప్పుడప్పుడు లోపలి సర్దుబాట్లకి 250 మిల్లీసెకన్ల దాకా ఆగొచ్చు. 9600లో ఆ వ్యవధిలో వచ్చేది 240 బైట్లు, లాగర్ దాచుకోగలదు. 57600లో 1440 బైట్లు. చిప్పులో మొత్తం ర్యామే 2 కిలోబైట్లు, అందులో వచ్చే డేటాకి దక్కేది వెయ్యిలోపే. ఆర్‌ఎంసీ మొదటి సగానికి జీఎస్‌వీ చివరి సగం అతుక్కుపోయి కనిపిస్తే సాధారణంగా ఇదే కారణం. లైను చివర ఉండే చెక్‌సమ్ (తప్పు పట్టే అంకె) సరిచూడకుండా ఏ లైనూ వాడకండి.

బైనరీ డేటా రాయించేవాళ్లు కాన్ఫిగ్ వరుసలో 26,3 అన్నచోట ఆ 3ని 0 చేయడం మరవద్దు. లేకపోతే 26 అనే బైటు వరసగా మూడుసార్లు వచ్చినప్పుడు లాగర్ ఆదేశాల కోసం ఎదురుచూస్తూ రాయడం ఆపేస్తుంది.

పవర్ తీసేటప్పుడు ముందు డేటా తీగ ఊడదీసి, కొన్ని సెకన్లు ఆగి, తర్వాత ఆపాలి. టక్కున లాగేస్తే చివరి లైన్లు పోతాయి. పవర్ బ్యాంకుతో ఇంకో తలనొప్పి: ఈ జోడీ తాగేది వంద మిల్లీఆంపుల లోపే కావడంతో, ఏమీ తగిలించలేదనుకుని కొన్ని తమంతట తామే ఆగిపోతాయి. నిందేమో లాగర్‌కి వస్తుంది.

ఫైలు సరిగ్గా ఉన్నా చదవడంలో పప్పులో కాలు వేసేవాళ్లు ఎక్కువే. అక్షాంశం డిగ్రీలు, నిమిషాలు కలిపి రాసి ఉంటుంది. చార్మినార్ దగ్గర 1721.70 అని వస్తే అది 17 డిగ్రీల 21.70 నిమిషాలు, అంటే 17.3617. దాన్నీ రేఖాంశాన్నీ నేరుగా దశాంశాలుగా చదివితే మ్యాపులో చుక్క నైరుతిగా పాతిక కిలోమీటర్ల అవతల పడుతుంది. సమయం యూటీసీ, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనక, కాబట్టి లాగ్‌లో తేదీ మారేది మన ఉదయం 5:30కి. పాత రిసీవర్ తేదీని దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి చూపిస్తే భయపడకండి. జీపీఎస్ వారాల లెక్క 1024కి తిరిగి సున్నా అవుతుంది. 2019 ఏప్రిల్‌లో అలా అయింది, మళ్లీ 2038 నవంబరులో అవుతుంది. స్థానం మాత్రం సరిగ్గానే ఉంటుంది. ఫైలు చదివే ప్రోగ్రాములో తేదీకి 7168 రోజులు కలిపితే చాలు.