ఇంజన్ ఆయిల్ లాగే పంపు ఇంట్లోనే చేసుకుంటే ఏది మేలు: గేరు పంపా, స్ప్రేయర్ పంపా, ఫ్రిజ్ కంప్రెసరా?

హన్మకొండలో మా ఫ్లెక్సీ షాపు వెనకాల, ఫ్రిజ్ కంప్రెసర్‌కు తగిలించిన ప్రెషర్ కుక్కర్‌తో జనరేటర్‌కు ఆయిల్ మారుస్తుంటే చూసిన ప్రతివాడూ అడిగేది ఒకటే. "అన్నా, గా కుక్కర్ తోని ఎట్ల గుంజుతున్నవ్?" అని మొదలుపెట్టి, "ఆన్‌లైన్‌ల పన్నెండు వోల్టుల పంపు దొరుకుతది గద, గిదంత ఎందుకు?" దగ్గర ఆగుతారు. మా బామ్మర్దిది ఇంకో లెక్క. నర్సంపేట దిక్కు పత్తి వేస్తాడు. "కొట్టంల రెండు పాత స్ప్రేయర్లు పడున్నయ్ బావా, అండ్ల పంపు పీకి పెట్టుకుంటే అయిపాయె గద" అంటాడు. మూడూ చేసి చూశాను. రెండు పాడుచేశాను, ఒకటి నిలబడింది.

ముందు ఒక మాట. స్ప్లెండర్‌కో యాక్టివాకో అయితే ఈ గోలంతా వద్దు. కింద బోల్టు విప్పి పాత గిన్నె పెడితే చాయ్ తాగేలోపు పని అయిపోతుంది. పంపు అవసరం పడేది బోల్టుకు చెయ్యి అందని చోట. మా జనరేటర్ క్యానపీలో, అంటే దాన్ని కప్పే పెట్టెలో, కూర్చుంది. డ్రెయిన్ బోల్టు కింద అర లీటరు గిన్నె కూడా పట్టదు. కారు కిందికి దూరే ఓపిక లేనివాళ్లు, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే అల్యూమినియం చాంబర్‌లో మరలు అరిగిపోయి బోల్టు ముట్టాలంటే భయపడేవాళ్లు కూడా ఈ లెక్కలోకే వస్తారు. వీళ్లంతా ఆయిల్ గేజీ పుల్ల పెట్టే గొట్టంలోంచే లాగాలి. అసలు తిప్పలు అక్కడే.

అందరూ మోటారు ఎన్ని వాట్లని అడుగుతారు. నేనూ మొదట అదే చూశాను. తర్వాత తెలిసింది, పీల్చే పనిలో మోటారు ఆయిల్‌ను లాగదు, గొట్టంలో గాలి తీసేస్తుంది అంతే. చాంబర్‌లో ఆయిల్ మీద కూర్చున్న బయటి గాలి దాన్ని పైకి తోస్తుంది. ఆ గాలి తోపు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో. వెయ్యి వాట్ల మోటారు పెట్టినా అంతకుమించి రాదు. అరవై వాట్ల మోటారైనా, అయిదు హెచ్‌పీ మోటారైనా ఈ విషయంలో అన్నదమ్ములే.

ఆయిల్ రావడం తొందరవుతుందా ఆలస్యమవుతుందా అనేది తేల్చేవి రెండే: ఆయిల్ వేడి, గొట్టం బోరు, అంటే లోపలి రంధ్రం వెడల్పు. 15డబ్ల్యూ-40 ఆయిల్ చిక్కదనం 40 డిగ్రీల దగ్గర సుమారు 105-110 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) ఉంటుంది. 100 డిగ్రీలకు వచ్చేసరికి 14-15కు పడిపోతుంది. అంటే ఏడు రెట్ల తేడా. బోరు సంగతి ఇంకా ఘోరం. ప్రవాహం బోరుకు నాలుగో ఘాతంలో మారుతుంది, కాబట్టి 4 ఎంఎం గొట్టం బదులు 6 ఎంఎం పెడితే అదే గాలి తోపుకు అయిదు రెట్ల ఆయిల్ వస్తుంది. కానీ గేజీ గొట్టంలోంచి మనం పంపగలిగేది సాధారణంగా బయట 6, లోపల 4 ఎంఎం ఉన్న గొట్టమే.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. ఆ సన్నపు గొట్టాన్నే రెండు మీటర్లు పంపుదాకా లాగుతారు. గేజీ గొట్టంలోకి దిగే ఎనభై సెంటీమీటర్ల వరకే 4 ఎంఎం ఉంచి, బయటికి రాగానే 8 ఎంఎం బోరుకు కలిపేయండి. లావు గొట్టం ఆయిల్‌కు పెట్టే అడ్డంకి అంతే పొడుగున్న సన్నదానికి పదహారో వంతే, కాబట్టి ఆయిల్ రెండింతలకు పైగా వస్తుంది. పంపు మార్చకుండా, పైసా ఎక్కువ పెట్టకుండా. నేను ఇది తెలియక రెండు నెలలు మోటార్లు మార్చుకుంటూ కూర్చున్నాను.

గొట్టం దేనితో చేసిందో కూడా చూడాలి. అక్వేరియంకు వాడే తెల్లటి పీవీసీ పైపు వేడి ఆయిల్‌కు మెత్తబడి, లోపల గాలి తీయగానే రెండు గోడలూ అతుక్కుంటాయి. మీరేమో పంపు పాడైందనుకుంటారు. లారీల ఎయిర్ బ్రేకులకు వాడే నైలాన్ పైపు తీసుకోండి. ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపులో మీటరు లెక్కన కోసి ఇస్తారు. సన్నదీ లావుదీ రెండూ దొరుకుతాయి. వేడికి వంగదు, లోపలికి కుంగదు.

ఇప్పుడు పంపులు.

పన్నెండు వోల్టుల గేరు పంపు నిజానికి మంచి వస్తువు. రెండు పళ్ల చక్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని తిరుగుతూ ఆయిల్‌ను మోస్తాయి. ఆ ఆయిలే వాటికి లూబ్రికేషన్. 60 వాట్లది 5 ఆంపియర్లు తీసుకుంటుంది, కారు బ్యాటరీకి రెండు క్లిప్పులు పెడితే చాలు. మధ్యలో ఒక 10 ఆంపియర్ల ఫ్యూజు తప్పకుండా వేయండి. వైరు సన్నదీ పొడుగుదీ అయితే వోల్టేజీ దారిలోనే పడిపోయి మోటారు మూలుగుతుంది. బ్రష్ మోటారు కాబట్టి క్లిప్పులు తిరగేస్తే పంపు వెనక్కి తిరుగుతుంది, కొత్త ఆయిల్ పోసుకోవడానికీ పనికొస్తుంది. పాత వైపర్ మోటారుకు చిన్న గేరు పంపు జతచేసి సొంతంగా చేసుకున్నవాళ్లనూ చూశాను. నెమ్మదిగా, బలంగా తిరుగుతుంది, బాగానే లాగుతుంది. కాకపోతే రెండు షాఫ్టులూ ఒక్క లైనులో కూర్చోకపోతే నెల తిరిగేసరికి సీలు కారుతుంది. నాది అట్లాగే కారింది.

దీనికి రెండు జబ్బులు. పొడిగా ఉంటే గాలిని లాగలేదు, కాబట్టి మొదలుపెట్టే ముందు లోపలికి ఒక చెంచా ఆయిల్ పోయాలి. చాలామందికి ఇది తెలియక "డబ్బులు బొక్క" అని మూలకు పడేస్తారు. రెండోది, మురికి ఆయిల్ అంతా దాని కడుపులోంచే పోవాలి. పాత ఇంజన్‌లో ఇనుప పొడి, మసి ముద్దలు ఉంటాయి. అవి చక్రాల మధ్య పడి గీతలు గీస్తాయి. గీత పడ్డ పంపు సగం ఆయిల్‌ను వెనక్కి వదిలేస్తుంది.

స్ప్రేయర్ పంపు బామ్మర్ది కోసం చేశాను, కాబట్టి నిజం చెప్పాలి. ఇందులో ఆకర్షణ ఏమిటంటే బ్యాటరీ, చార్జర్, స్విచ్చు అన్నీ ఇంట్లోనే ఉన్నాయి. కానీ ఇది డయాఫ్రమ్ పంపు, అంటే రబ్బరు పొర ఊగుతూ తోసేది, నీళ్లలాంటి మందు కోసం చేసింది. చిక్కటి ఆయిల్‌కు అవతలి వైపు ప్రెషర్ పెరిగి లోపలి ప్రెషర్ స్విచ్చు టక్ టక్‌మని ఆగుతూ మొదలవుతూ ఉంటుంది. స్విచ్చును తప్పించి నేరుగా వైరు కలిపాం. అయితే నడిచింది. మొదటిసారి ట్రాక్టర్ ఆయిల్ మొత్తం తీసింది, బామ్మర్ది మీసం తిప్పాడు. రెండోసారికి లోపలి రబ్బరు ఉబ్బి వాల్వులు మూసుకోలేదు. నీటి కోసం చేసిన రబ్బర్లలో చాలావాటికి మినరల్ ఆయిల్ పడదు. నైట్రైల్ రబ్బరైతే తట్టుకుంటుంది. కానీ లోపల ఏ రబ్బరు ఉందో స్ప్రేయర్ మీద ఎవరూ రాయరు. ఇంకొకటి జ్ఞాపకం పెట్టుకోండి. ఆయిల్ ముట్టిన పంపును మళ్లీ చేనులోకి తీసుకుపోవద్దు. మందు కొట్టిన పంపునైతే విప్పేముందు బాగా కడగండి, చేతులకు గ్లౌజులు వేసుకోండి.

మిగతావి ఒక్క ముక్కలో. కారు అద్దానికి నీళ్లు కొట్టే వాషర్ మోటారుకు ఉండేది చిన్న రెక్కే, అది ఆయిల్‌ను కదిలించనే లేదు. ఆర్‌ఓ ఫిల్టర్ పంపు స్ప్రేయర్ పంపుకు తమ్ముడే, అదే రబ్బరు రోగం. చేత్తో లాగే పిచికారీ పంపు పనిచేస్తుంది, చెయ్యే పనిచేయదు.

ఇక నా కుక్కర్.

ఫ్రిజ్ కంప్రెసర్ పీల్చే గొట్టాన్ని గాలి చొరబడని గిన్నెకు కలిపి, గిన్నెలోంచి ఆయిల్ పైపును ఇంజన్‌లోకి దింపుతాం. కంప్రెసర్ గాలినే తీస్తుంది, ఆయిల్ దాన్ని ముట్టదు. గేరు పంపు పడే బాధలు దీనికి లేవు. ఇనుప పొడి ఉన్నా, మసి ఉన్నా అంతా గిన్నెలోనే పడుతుంది. నాకు ఇది నచ్చింది అందుకే. సామాను పాతది కావచ్చు, పద్ధతి మాత్రం పాడయ్యేది కాదు.

గిన్నె దగ్గర నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను. మొదట ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ పెట్టాను. స్విచ్చు వేసిన కాసేపటికే క్యాన్ నడుముకు లోపలికి పోయి, ఢమ్మని చప్పుడుతో పాపడంలా నలిగిపోయింది. పక్క షాపుల వాళ్లు టైరు పగిలిందనుకుని బయటికొచ్చారు. తర్వాత కుక్కర్. అందులోనూ ఒక తిరకాసు ఉంది. మూత లోపలికి దూరి బిగుసుకునే రకం కుక్కర్ ఈ పనికి రాదు. ఆవిరి లోపలినుంచి తోస్తేనే ఆ మూత బిగుస్తుంది, గాలి తీస్తే లోపలికి జారిపోతుంది. మూత పైన కూర్చునే రకం కావాలి. గాలి తీసినకొద్దీ అది గాస్కెట్ మీద ఇంకా గట్టిగా కూర్చుంటుంది. ఇరవై సెంటీమీటర్ల మూత మీద, గాలి ఎంత తీసిందో చూపే వాక్యూమ్ మీటరు 25 అంగుళాలు (పాదరసం లెక్కన) చూపిస్తున్నప్పుడు, రెండువందల యాభై కిలోల పైచిలుకు బరువు పడుతుంది. కుక్కర్ దాన్ని లెక్కచేయదు. క్యాన్ ఎందుకు నలిగిందో అర్థమైంది కదా.

విజిల్ కూర్చునే గొట్టానికి గోడ మందం ఉన్న హోజు తొడిగి క్లిప్పు బిగించి కంప్రెసర్‌కు ఇచ్చాను. సేఫ్టీ వాల్వు రంధ్రంలో లేత్ మీద తిప్పించిన ఇత్తడి నిపిల్ పెట్టాను, ఆయిల్ పైపుకు. తీయాల్సిన ఆయిల్‌కు రెండింతలు పట్టే కుక్కర్ తీసుకోండి. వేడి ఆయిల్ మీద గాలి తగ్గగానే నురగ పొంగుతుంది, ఆ నురగ కంప్రెసర్‌లోకి పోతే దాని పని అయిపోయినట్టే.

కంప్రెసర్ విషయంలో మాత్రం తొందర పనికిరాదు. కొత్త ఫ్రిజ్‌లలో ఆర్600ఏ గ్యాస్ ఉంటుంది, అది మండే గ్యాస్. గొట్టం కోయడం, మంట చూపించడం మీరు చేయొద్దు. గ్యాస్ తీసేసిన కంప్రెసర్‌ను ఫ్రిజ్ మెకానిక్ దగ్గరే తీసుకోండి, మోటారును లేపే రిలే, వేడెక్కితే ఆపే ఓవర్‌లోడ్ రెండూ దానితోపాటే అడగండి. గొట్టాలు మూడుంటాయి. ఒకటి గాలి వదిలేది. మిగతా రెండూ లోపల డొప్పలోకే తెరుచుకుంటాయి, ఒకదాన్ని మెకానిక్ చేత మూయించి రెండోది వాడుకోవాలి. వదిలే గొట్టం సొంత ఆయిల్‌ను కొంచెం కొంచెం చిమ్ముతుంది, దానికి దూది పెట్టిన సీసా తగిలించండి. కొన్నాళ్లకు ఆ ఆయిల్ తగ్గుతుంది, మళ్లీ పోసుకోవాలి. ఆపిన వెంటనే మళ్లీ స్విచ్చు వేస్తే రిలే ఇంకా వేడిగా ఉండి మోటారు లేవదు, గుర్రుమంటుంది. అయిదు నిమిషాలు ఆగండి. 230 వోల్టులు కాబట్టి మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తింగు, టెర్మినళ్ల మీద మూత తప్పనిసరి. పెట్రోలు లాగడానికి మాత్రం ఇది గానీ గేరు పంపు గానీ ఏదీ వాడొద్దు. బ్రష్‌లో ఒక్క నిప్పురవ్వ చాలు.

నడిపే విధానం ఇది. జనరేటర్‌ను పది నిమిషాలు నడిపి ఆపి, ఆయిల్ కిందికి దిగడానికి అయిదు నిమిషాలు ఆగుతాను. మూడు లీటర్ల పైచిలుకు నాలుగైదు నిమిషాల్లో కుక్కర్‌లోకి వస్తుంది. చలికాలం పొద్దున చల్లటి ఇంజన్ మీద ఓసారి చేస్తే పావుగంటకు సగం కూడా రాలేదు. పైపు చివర గురగురమంటే అయిపోయిందని కాదు. పైపును కొంచెం పైకీ కిందికీ కదపండి, ఇంకో గ్లాసెడు వస్తుంది. మొదటిసారి మాత్రం వచ్చిన ఆయిల్‌ను కొలిచి మాన్యువల్‌లో రాసినదానితో పోల్చండి. కొన్ని ఇంజన్లలో గేజీ గొట్టం చాంబర్ అడుగుదాకా పోదు. అలాంటిదానికి ఎంత మంచి పంపు పెట్టినా వృథా. నా దాంట్లో ఓ టీ గ్లాసు మిగులుతుంది, అందుకని మూడుసార్లకోసారి తిప్పలుపడైనా బోల్టు విప్పుతాను. అడుగున పేరుకున్న మడ్డి పైపుకు రాదు మరి.

అయితే అందరికీ కుక్కరే చెప్పను. చేను దగ్గర, కరెంటు లేని చోట, ట్రాక్టర్‌కైతే గేరు పంపే. బామ్మర్దికి చివరికి అదే ఇప్పించాను. ఆయిల్‌ను ఎత్తులో ఉన్న డ్రమ్ములోకి తోయాలన్నా అదే దిక్కు. కుక్కర్ పీల్చడమే తప్ప తోయదు. ఒక్క చోట కూర్చుని, పాత మురికి ఇంజన్‌కు, ఏళ్ల తరబడి చేసుకోవాలంటే మాత్రం నా ఓటు కంప్రెసర్‌కే.

తీసిన ఆయిల్‌ను మోరీలో పోయకండి, ఎక్కడ పోసినా చివరికి చెరువుకే చేరుతుంది. క్యాన్‌లో పోసి పెట్టుకుంటే పాత ఆయిల్ కొనేవాళ్లు వచ్చి తీసుకుపోతారు.

ఖర్చు అడుగుతారు. కంప్రెసర్ నాకు ఏడువందలకు వచ్చింది, పైపులు, నిపిల్, హోజు కలిపి ఇంకో ఆరువందలు. కుక్కర్ ఇంట్లోదే అనుకున్నాను. మా అమ్మ షెడ్డులోకొచ్చి, నల్లటి మడ్డి నిండిన గిన్నెలోకి తొంగిచూసి, "ఇగ దీన్ల పప్పు ఎట్ల ఉడకవెట్టాలె బిడ్డా?" అంది. పద్దెనిమిదివందలు పెట్టి కొత్తది తెచ్చాను. అది కూడా కలుపుకోండి.